ఆదివారం ఎవరిది?

ఇటీవల మన పట్టణాలలో సైకిలు సంఘాలు ఏర్పడుతున్నాయి. ఉద్యోగులూ, విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ఆదివారం తెల్లవారుజామున గుంపుగా బయలుదేరి, పల్లెదారులు తిరిగి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుతున్నారు. ఇటువంటి విహారానికి కృష్ణా పశ్చిమ డెల్టా ఎంతో అనువైనది. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు వెళ్లినా, బాపట్ల నుంచి సూర్యలంక సముద్రతీరానికి వెళ్లినా నేల చదునే. దారిపొడుగునా కాలువలే, వరిచేలే.

ఈ విహారం గురించి మనలో రెండు అభిప్రాయాలు వినబడతాయి. శ్రమజీవి ఎండలో మాడుతూవుంటే మనకీ విలాసమేమిటి అన్నది మొదటిది. పచ్చని చేను చూసి సంతోషించడానికి కూడా సిద్ధాంతం కావాలా అన్నది రెండవది. ఈ రెండూ సరికావని నా వాదన.

విరామం విలాసం కాదు. కార్మికవర్గం దానిని పోరాడి సంపాదించుకున్నది. ఇంగ్లండులో 1894లో బర్మింగ్‌హామ్ సోషలిస్టులు క్లారియన్ సైకిలు సంఘం స్థాపించారు. వారాంతంలో ఊళ్లు తిరిగారు, స్నేహం చేశారు, పాటలు పాడారు, దారిలో తమ పత్రికనూ పంచారు. జర్మనీలో 1896లో పుట్టిన ‘సాలిడారిటీ’ కార్మిక సైకిలు సంఘం లక్షమందికి పైగా సభ్యులతో పెరిగింది. 1933లో నాజీలు దానిని నిషేధించారు. కార్మికుడు కలిసి సంతోషించడం కూడా ఫాసిజానికి గిట్టదు. ఆనందాన్ని ద్వేషించేవాడు సన్యాసి కావచ్చును గాని అభ్యుదయవాది కాడు.

ఇక రెండవ అభిప్రాయం. సైకిలుమీద పోయేవాడు చూస్తున్నది ‘ప్రకృతి’నేనా? 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తి అయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలువలను మనుషులు తవ్వారు, గట్లను మనుషులు పోశారు. ఆ చేలలో ప్రతి మొక్కనూ నడుము వంచి నాటింది కూలి ఆడది. ఆ చేయిని మరచి ఆ పచ్చదనాన్ని మాత్రమే మెచ్చుకోవడమంటే, వస్తువును చూసి శ్రమను చూడకపోవడమే.

ఆ పొలాలకు మరొక చరిత్ర కూడా ఉన్నది. తెనాలి-బాపట్ల రైలుమార్గంలో చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ అగ్రవర్ణాల గుంపు దళితులను పొలాల వెంట తరిమి ఎనిమిదిమందిని చంపింది. కొన్ని శవాలను గోతాలలో కట్టి కాలువలో పడవేసింది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవశిక్ష వేసింది. 2014లో హైకోర్టు శిక్షలన్నిటినీ కొట్టివేసింది. మనకు విహారస్థలమైన పొలంగట్టు, ఒకనాడు కొందరికి ప్రాణాలు దక్కించుకోవడానికి పరుగెత్తే దారి అయింది. ఇది తెలిసినవాడికి ఆ పచ్చదనం అందవికారమైపోదు. కాని అది అమాయకంగానూ కనిపించదు.

అయితే విహారి కన్నీరు కార్చుకుంటూ సైకిలు తొక్కాలా? అక్కరలేదు. సానుభూతి చవకైన సరుకు. నాట్లు వేసే స్త్రీలను ఫొటో తీసి, ‘ఎంత కష్టమో’ అనుకొని ముందుకు సాగిపోవడానికి ఖర్చేమీ కాదు. ఆ దారినే గడ్డిమోపు కట్టుకొని ఇంకొక సైకిలు ఎదురువస్తుంది. రెండు సైకిళ్లకూ చక్రాలు రెండే. ఇద్దరికీ అదే రోడ్డు, అదే ఎదురుగాలి. ఒకడికి సైకిలు వ్యాయామం, మరొకడికి బతుకుతెరువు. ఒకడికి ఆదివారం ఉన్నది, మరొకడికి లేదు. నైతిక సమస్య ఇక్కడున్నది.

1948 కనీస వేతనాల చట్టం వ్యవసాయాన్ని కూడా తన పట్టికలో చేర్చింది. వారానికొక రోజు వేతనంతో విశ్రాంతి ఇప్పించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. కాని రోజుకూలికి పని లేని రోజంటే కూలి లేని రోజే. అతనికి దొరికే తీరికకు పస్తు అని పేరు.

కనుక సైకిలు సంఘాన్ని అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదానిని బట్టి అంచనా కట్టరాదు. దాని గుంపులో చేరగలిగినవారెవరు అన్నదానిని బట్టి కట్టాలి. తమిళనాట పుదుక్కోటలో 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిలు నేర్పింది. వారిలో పొలం కూలీలున్నారు, రాళ్లక్వారీల్లో పనిచేసేవారున్నారు. ఎక్కడికి వెళ్లాలన్నా మగవాడి తోడుకోసమూ, బస్సుకోసమూ కాచుకొనే అవసరం వారికి తగ్గింది. అక్కడ సైకిలు వినోదమూ అయింది, విముక్తీ అయింది.

మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ తప్పక సైకిలెక్కాలి. తప్పక సంతోషించాలి. ఆగినచోట దళితవాడ పిల్లకు హేండిలు పట్టించి నేర్పితే ఆ సంతోషం తరిగిపోదు. కూలికి వేతనంతో కూడిన సెలవు కావాలన్న కోరికను తమ కోరికల పత్రంలో చేర్చుకున్నా తరిగిపోదు. ఎవరి శ్రమవల్ల ఆ చేను పచ్చగా ఉన్నదో, వారు కూడా ఒక ఆదివారం దానిని తీరికగా చూడగలిగితే, అప్పుడు దానిని అందమైన చేను అని అందరమూ కలిసి అనవచ్చును.