ద్వేష స్వరూపము

ఆత్మపరీక్ష చేసికొనఁ గూర్చున్నప్పుడు మనుష్యులు తమ దోషములలోఁ గొన్నింటిని సులభముగానే యొప్పుకొందురు. తాము కోపిష్ఠులమని చెప్పుకొనుటకు వెనుదీయువారు తక్కువ. కొందఱు దానిని గొంత గర్వముతోడనే చెప్పుకొందురు. లోభమును సయితము మితవ్యయమను పేరు పెట్టి యంగీకరించువారు కలరు. కాని "నేను ఫలానివానిని ద్వేషించుచున్నాను" అని నోరు తెఱచి చెప్పినవారిని మే మింతవఱకుఁ జూడలేదు. ఇతరులు తమ్ము ద్వేషించుచున్నారని చెప్పువారు మాత్రము ప్రతి గ్రామమునను గలరు. ద్వేషింపఁబడువా రిందఱుండఁగా ద్వేషించువాఁ డొక్కఁడును గానరాకపోవుట యెట్లు? ఈ లెక్క యెక్కడనో తప్పియున్నది. ఆ తప్పును వెదకుటయే యీ చిన్న వ్యాసముయొక్క యుద్దేశము.

మన శాస్త్రకారులు దీని నుపేక్షించినవారు కారు. గౌతముని న్యాయసూత్రములు ఇచ్ఛ, ద్వేషము, ప్రయత్నము, సుఖము, దుఃఖము, జ్ఞానము అను నాఱింటిని ఆత్మయొక్క చిహ్నములుగాఁ జెప్పినవి. అనఁగా ద్వేషింపఁగలుగుటయు నాత్మ యున్నదనుట కొక గుఱుతే. పతంజలి దీనిని బంచక్లేశములలోఁ జేర్చి, అనుభవించిన దుఃఖము వెంట నంటివచ్చునదిగా నిరూపించెను. ఆంధ్రుఁడని ప్రసిద్ధుఁడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున నింకను క్లుప్తముగాఁ దేల్చి, ద్వేషమును గ్రోధముతో నొకటిగానే లెక్కించెను. బాలురు కంఠపాఠము చేయు గ్రంథము గాన నంతటి క్లుప్తత కావలసియుండును. అయినను ఆ మహాపండితునితో మే మీ యొక్క విషయమున నేకీభవింపఁజాలము.

భరతముని నాట్యశాస్త్రమున స్థాయిభావముల నెనిమిదింటిని లెక్కించెను. అందుఁ గ్రోధమున్నది, జుగుప్స యున్నది, ద్వేషము లేదు. ఇది మఱపుచేత జరిగినది కాదని మా తలంపు. క్రోధమునకు ముఖమున్నది: కన్ను లెఱ్ఱనగును, పెదవి యదరును, కంఠము హెచ్చును. జుగుప్సకును ముఖమున్నది: ముక్కు ముడుచుకొనును, మొగము ప్రక్కకుఁ దిరుగును. నటుఁడు వానిని రంగమున నభినయింపఁగలఁడు. ద్వేషమున కట్టి సొంత ముఖము లేదు. అది కోపముతో నుండవచ్చును, చిఱునవ్వుతోను నుండవచ్చును. శుభలేఖ పంపి, పీఁట వేసి, కుశలప్రశ్న లడుగుచునే లోపల నుండవచ్చును. యవన తత్త్వవేత్తయగు అరిస్టాటిలు తన వాగ్మిత్వశాస్త్రమున నీ భేదమునే మఱియొక విధముగాఁ జూపెను. కోప మొక వ్యక్తిమీఁదఁ గలుగును. ద్వేషము జాతి మొత్తముమీఁదఁ గలుగవచ్చును. కోపము కాలముచేత మానును, ద్వేషము మానదు. కోపించినవాఁడు తనకుఁ గష్టము కలిగించినవాఁడు తిరిగి కష్టపడవలెనని కోరును, అది మితి మీఱినచో జాలిపడును. ద్వేషించువాఁడు ఎదుటివాఁ డుండనే కూడదని కోరును.

మేము దీనినే ద్వేషలక్షణముగా గ్రహించుచున్నాము. ఎదుటివాఁడు మనలో నుండఁ గూడదను కోరికయే ద్వేషము. ఆ కోరిక వేఁడిగా నున్నప్పుడు హత్య యగును. చల్లగా నున్నప్పు డాచారమగును.

మన దేశమున నీ రెండవదానికి "వెలి" యని పేరు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినప్పు డేమి జరిగినదో తెలుఁగువారు చాలమంది యెఱిఁగినదే. పీఠాధిపతి బహిష్కారాజ్ఞ వచ్చెను. పంతులుగారిని, ఆయన పక్షమున నిలిచినవారిని వెలివేసిరి. ప్రాయశ్చిత్తము చేసికొని తొలఁగిపోయిన స్నేహితులు కొందఱు. వంటవారును నీళ్లవారును రాకుండుటచేత రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి, వండి వడ్డించిరి. ఆ వెలివేసినవారి నొక్కొక్కరినిఁ బిలిచి "ఈ యమ్మయందు మీకు ద్వేషము గలదా?" అని యడిగియున్నచో నేమందురు? "రామ రామ, ఆమె సాధ్వి, మాకేమి ద్వేషము? శాస్త్ర మొప్పదు గదా" అనియే యుందురు. అది యబద్ధమనియు మేము చెప్పము. వారి నాడి కొట్టుకొనుట హెచ్చియుండదు. ఒక యింటికిఁ గడవెఁడు నీరు దొరకకుండఁ జేయుటకు నాడి హెచ్చనక్కఱలేదు.

వితంతువివాహపక్షమువారు పడిన వెలి కొన్నియేండ్లది. పుట్టుకతోడనే వెలియై యూరి చివరఁ బల్లెలలో నుండవలసివచ్చినవారి వెలి యెన్ని తరములదో లెక్క లేదు. ఇచ్చటఁ బతంజలి మాట మాకుఁ జాలుట లేదు. పల్లెలోనివానివలన నూరిలోనివాఁ డే దుఃఖము ననుభవించెను? వాఁడు దున్నెను, కోసెను, చచ్చిన పశువును మోసెను, చెప్పులు కుట్టెను. పొందిన యపకారమునుండి పుట్టిన ద్వేషము కాదిది. చేసిన యపకారమునుండి పుట్టినది. మనుష్యుఁడు తాను బాధించినవానినే ద్వేషించునను సంగతిని రోమక చరిత్రకారుఁడగు టాసిటసు ఎప్పుడో కనిపెట్టెను. కారణ మంత దురవగాహమైనది కాదు. మనము బాధించినవాఁడు మనవంటివాఁడే యని యొప్పుకొన్నచో మన చేఁత నేరమగును. వాఁ డట్టి బ్రదుకునకే తగినవాఁడని నమ్మినచో నేర ముండదు. ఈ నమ్మకమును దండ్రి కొడుకునకుఁ బొలముతోఁబాటు నిచ్చిపోవును. కొడు కెవరివలనను నొవ్వకయే ద్వేషించుట నేర్చుకొనును. దానికి మడి యనియో మర్యాద యనియో పేరు పెట్టుకొనును.

ఆ చల్లని ద్వేష మెప్పుడు వేఁడియగునో చూడుఁడు. 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగముయొక్క 17వ యధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. అటుపిమ్మట ముప్పదియైదేండ్లకు, 1985 జూలై 17వ తేదీని, ప్రకాశము జిల్లా కారంచేడులో దళితవాడమీఁద దాడి జరిగి యాఱుగురు చంపఁబడిరి. దానికి ముందు జరిగినది, తాము త్రాగు చెఱువునీటిని మురికిచేయవద్దని వాడలోనివా రాక్షేపించుట. చెఱువునీటి కొఱకు మాత్రమే యెవరును ఆఱుగురిని జంపరు. ఆ వాడవారు తలవంచుకొని పనిచేసినంతకాలము "మాకు వారిపై ద్వేషము లేదు" అను మాట చెల్లుచుండెను. వారు నోరెత్తి వలదన్న దినమున ఆ మాట చెల్లకపోయెను.

ఇంతవఱకు వ్రాసినది చదివి మా పక్షమువారు తలలూఁపుచుందురు. వారికొఱకే యిఁక వ్రాయవలసినది. అన్యాయమును ఖండించువాఁడు ద్వేషమునకు లొంగఁడని యెవరు చెప్పిరి? దానిని దాఁచుకొనుట కతనికి మఱింత మంచి చోటు దొరకును, అంతియే. పాపమును ద్వేషింపవలెఁ గాని పాపిని ద్వేషింపరాదని మనము వేదికలమీఁదఁ జెప్పుదుము. చెప్పుట సులభము, పాపము వీధిలో నొంటరిగా నడచి రాదు, ఎవరిదో మొగము పెట్టుకొని వచ్చును. రాజా రామమోహనరాయలుగారు సహగమనమును ఖండించుచు 1818లోను 1820లోను రెండు సంవాదములను బ్రకటించిరి. వానిలో సహగమనపక్షమువాఁడు మాటాడును. తన శాస్త్రాధారములను, తన సందేహములను దాఁపక చెప్పును. రాయలవారు వానికిఁ బ్రత్యుత్తర మిత్తురు. స్త్రీలను సజీవముగాఁ గాల్చుట ధర్మమనువారితో నింత యోపికగా మాటాడుట మాకు సాధ్యమై యుండెడిదా యని పలుమాఱు తలంచితిమి. 1829 డిసెంబరులో నా యాచారము వంగరాష్ట్రమున శాసనముచే నిషేధింపఁబడెను. కాఁబట్టి యా యోపికను మెత్తఁదనమని యెవరును త్రోసివేయలేరు. ఎదుటివానికి మాట యిచ్చుట యనఁగా వాఁ డుండఁదగినవాఁడని యొప్పుకొనుట.

భాగవతము సప్తమస్కంధమున వైరముచేతఁ గూడ మనస్సు భగవంతునియందు లగ్నమగుననియు, శిశుపాలుఁ డట్లే యాయనఁ జేరెననియు నారదుఁడు ధర్మరాజునకుఁ జెప్పును. అందులకు భ్రమరకీటకన్యాయము దృష్టాంతము. పురాణకథలను మేము ప్రమాణముగాఁ గైకొనము. అయినను ద్వేషమును ధ్యానముతోఁ బోల్చినవాఁడు మనస్సు నెఱిఁగినవాఁడే. ప్రేమించినవానికంటె ద్వేషించినవానినే మనుష్యుఁడు తఱచుగాఁ దలంచును. అన్నము తినునప్పుడును, నిద్ర పట్టనప్పుడును వానితోడనే వాదించుచుండును. దృష్టాంతము మాత్రము సరికాదు. గూటిలో మూయఁబడిన పురుగు కందిరీఁగను ధ్యానించి కందిరీఁగ కాదు. కందిరీఁగ దానిని గుట్టి కదలకుండఁ జేసి, గూటిలో గ్రుడ్డు పెట్టి, మట్టితో మూసివేయును. ఆ గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల పురుగును దిని పెరిగి, మట్టిని దొలిచికొని యెగిరిపోవును. ద్వేషించువాని స్థితికి మా కిదియే మేలైన పోలికగాఁ దోఁచుచున్నది.

మా యింట నొక కులాంతరవివాహము జరిగినప్పుడు మాకుఁ బెదతండ్రి వరుసయగు వృద్ధు లొకరు వచ్చి, వీధియరుగుమీఁదనే నిలువఁబడి, ఇఁక నీ యింటి నీరు ముట్టనని చెప్పి పోయిరి. పదునాలుగేండ్లు మాట నిలుపుకొనిరి. ఆ పదునాలుగేండ్లును మేము వారి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల "పాపము, కాలము తెలియని మనిషి, మాకు వారిపైఁ గోపము లేదు" అనుచుంటిమి. కోపము లేని మాట నిజమే. పిమ్మట వారి మనుమరాలు తన యిష్టమున నన్యకులజుని వివాహమాడెను. పెద్దలు కొన్ని నెలలు గడప దాఁటక కూర్చుండి, తుద కొకనాఁటి యుదయమున మా యింటికి వచ్చి, "అబ్బాయీ, తప్పు నాది. ఈ పూఁట మీ యింట భోజనము చేసి పోవుదమని వచ్చితిని" అనిరి.

మేము సంతోషింపవలసియుండెను. ఇన్నేండ్లు ప్రార్థనలలోఁ గోరినది యిదియే గదా. సంతోషము కలుగలేదు. చేతనున్న దేదో జాఱిపోయిన ట్లయ్యెను. "మనుమరాలి కొఱకు వచ్చెను గాని న్యాయము కొఱకు రాలేదు" అని మనస్సు వెంటనే యొక కొఱఁత వెదకి పట్టుకొనెను. వారు మాఱుట మాకు నిజముగాఁ గావలసియుండలేదు. వారు తప్పులో నుండుటయు, మే మొప్పులో నుండుటయుఁ గావలసియుండెను. లెక్క యెక్కడనో తప్పినదని మొదట నంటిమి. కానరాని యా యొక్కనిని మే మానాఁడు మా వంటయింటి గుమ్మములోఁ గనుఁగొంటిమి.

విస్తరి వేసితిమి. వారు మెల్లమెల్లగా భుజించిరి. గోంగూరపచ్చడి బాగున్నదని, మఱికొంచెము వేయుమని యడిగిరి. మజ్జిగ పోయునప్పటికిని మా మనస్సు పూర్తిగా మెత్తఁబడలేదు. వారు దానిని గనిపెట్టిరో లేదో తెలియదు. "వచ్చెదను అబ్బాయీ" యని సెలవు తీసికొని, వీధిలోనికి వచ్చినతోడనే పోక, అరుగుమీఁదఁ గొంతసేపు కూర్చుండిరి. మేమును వచ్చి ప్రక్కనే కూర్చుంటిమి.