మోకాలికి కందెన



ఎండాకాలం వస్తే మన భద్రాచలం అడవి అంచు ఊళ్లకు తునికాకు పని. చీకటితోనే నడక. వంగి వంగి ఆకు తెంపడం. ఇంటికొచ్చి, కింద కూర్చుని కట్టలు కట్టడం. సాయంత్రానికి మోకాళ్లు మొరాయిస్తాయి. నొప్పి మాత్ర వైపు చెయ్యి పోతుంది.

ఒకటి రెండు రోజులకైతే సరే. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. చెమటోడ్చి, నీళ్లు తాగకుండా మింగితే ముప్పు ఇంకా ఎక్కువ.

మాత్ర నొప్పిని అణుస్తుంది. కీలుకు కావలసింది కదలిక. ఎడ్లబండి ఇరుసుకు కందెన ఉన్నట్టే, కీలులో జిగురు ద్రవం ఉంటుంది. కాలు కదిలితేనే అది అంతటా పాకుతుంది.

కుర్చీలో కూర్చోండి. ఒక కాలు ముందుకు చాచండి. కాసేపు ఆపండి. మెల్లగా దించండి. తొడ కండ గట్టిపడితే మోకాలికి ఆసరా. అవును, కీలుకు కావలసింది కదలికే.

వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం మనకు తెలిసిందే. హాయిగా ఉంటుంది, పెట్టుకోండి. నొప్పికని అమ్మే పేరూ ఊరూ లేని పొడులంటే మాత్రం నాకు భయం. కొన్నింట్లో గుట్టుగా స్టెరాయిడ్ కలుపుతారు. వాటికన్నా డాక్టరును అడిగి పైపూత జెల్ రాసుకోవడం మేలు.

కీలు ఎర్రగా వాచి, జ్వరం కూడా ఉంటే కాపడంతో కాలయాపన వద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు రాసిన మందును మీ అంతట మీరు ఆపకండి.