బాట మీది నీడ

పల్నాటి ఎండ ఎరిగినవారికి చెట్టు నీడ విలువ వేరే చెప్పనక్కరలేదు. మాచర్ల, గురజాల నాపరాతి నేలల్లో మే నెల మధ్యాహ్నం నడిచిన బాటసారికి అది బాగా తెలుసు. హైదరాబాదు వెళ్ళినవారు వీలైతే చేవెళ్ళ దారి చూసిరావాలి. బీజాపూర్ రోడ్డుకు ఇరుపక్కలా ముదిరిన మర్రిమానులు కొమ్మలు కలిపి, పైన కప్పు వేసినట్లుంటాయి. నిజాం కాలం నాటివి. 900కు పైగా ఉన్నాయని లెక్కగట్టారు. గొయ్యి తవ్వి నీళ్ళు పోసిన చేతులు ఎన్నడో మట్టిలో కలిసిపోయాయి. ముస్లిం నాటిన చెట్టు నుండి మనిషిగానీ, పక్షిగానీ, పశువుగానీ తింటే అది అతనికి దానంగా వ్రాయబడుతుందని దైవప్రవక్త (స) తెలిపారు.

అయితే ఆ రోడ్డు ఇరుకు. వెడల్పు చేయాలన్న ప్రయత్నం, చెట్లు కాపాడాలన్న వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. చెట్లు ముఖ్యమా, ప్రాణాలు ముఖ్యమా అని అందరూ అడిగారు. (లారీని తోలింది చెట్లు కావు, అది వేరే మాట.)

ఈ ప్రశ్నకు హదీసుల్లో రెండు వైపులా మాట ఉంది. దారిలో జనాన్ని బాధించే చెట్టును నరికినందుకు ఒక వ్యక్తి స్వర్గంలో తిరుగాడుతుండగా చూశానని ప్రవక్త (స) చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. రేగుచెట్టును నరికేవానికి నరకాగ్ని హెచ్చరిక అబూ దావూద్‌లో ఉంది. ఇమామ్ అబూ దావూద్ గారే దీన్ని వివరించారు: బాటసారులు, పశువులు నీడ పొందే ఎడారి చెట్టును, తనకు హక్కు లేకుండా, అన్యాయంగా నరికేవాని గురించి ఇది.

జాగ్రత్తగా చూడండి. రెండు చోట్లా తూకంలో ఉన్నది బాటసారి మేలే. కనుక ప్రాణాల కోసం ఒక చెట్టు తీయక తప్పకపోతే తీయవచ్చు, అందులో పాపం లేదు. కానీ మానులను మధ్యన ఉంచి పక్కన మరో బాట వేసే వీలుండగా, భూమికి సొమ్ము మిగులుతుందని వరసంతా పడగొడితే? అప్పుడు ప్రాణాల పేరు చెప్పి మిగుల్చుకున్నది డబ్బు. పోగొట్టింది ఇంకా పుట్టని బాటసారుల హక్కు. దాసుల హక్కును దాసులే మన్నించాలి అంటారు పండితులు. వాళ్ళను ఎక్కడ వెతికి అడుగుతాం?

చెట్టును పూజనీయం చేయమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. హుదైబియాలో ప్రమాణం జరిగిన చెట్టు దగ్గరకు జనం ప్రత్యేకంగా పోతుంటే హజ్రత్ ఉమర్ (రజి) దాన్ని నరికించారని ఉల్లేఖనం ఉంది. ఆయన అక్కడ కాపాడింది తౌహీద్‌ను. దుకాణం బోర్డు కనపడటం లేదని వీధిలోని వేపను కొట్టించేవారు ఆ ఉల్లేఖనాన్ని తమకు సాక్ష్యంగా తెచ్చుకోలేరు.