వాయనం ఎంత దూరం?

పేరంటం అన్నది ఎంత దూరం వరకూ పేరంటం? వీధిలో నలుగురినీ బొట్టు పెట్టి పిలిస్తే పేరంటం. పక్క వీధిలోని స్నేహితురాలు వచ్చినా పేరంటమే. ఆవిడ రాలేక, పనిపిల్ల చేత శనగలూ పండూ పంపించి, మన వాయనం కూడా ఆ పిల్ల చేతే తెప్పించుకుంటే? పోనీలే పాపం, అదీ ఒప్పుకుంటాం. మరి ఒక్క ముత్తయిదువా గడప తొక్కకుండా, నలభై ఇళ్ళ వాయనాలూ ఒకే మనిషి గంపలో వచ్చాయనుకోండి. దాన్నేమంటారు? నేనైతే కొరియర్ అంటాను.

ఈ ప్రశ్న నాకు శ్రావణమాసంలో పుట్టింది కాదు. ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీల గురించి వింటూంటే పుట్టింది. బి.ఏ.లో తెలుగూ చరిత్రా చదువుకున్నదానికి తీగెల సంగతులెందుకంటారేమో! మా పిన్ని కొడుకు గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో రెండు వేల ఇళ్ళకు ఇంటర్నెట్ ఇస్తాడు. వాడి గోడు వినడానికి ఆ ఊళ్ళో ఎవరూ లేరు. నవలలు రాసేవాళ్ళు ఏం చెప్పినా వింటారని వాడి నమ్మకం.

మీ ఇంటికి నెట్ ఇచ్చేది ఒక కంపెనీ, ఎదురింటికి ఇచ్చేది ఇంకొకటి. మీరు ఎదురింటావిడకు అమ్మాయి పెళ్ళి ఫోటో పంపితే ఆ రెండు కంపెనీలూ ఎక్కడో ఒకచోట కలవాలి కదా? ఆ కలిసే చోటే ఎక్స్ఛేంజీ. పెద్ద భవనాలూ అవీ ఊహించుకోకండి. చల్లటి గదిలో ఒక స్విచ్చి పెట్టె, దానికి బోలెడు తీగెలు, అంతే. ప్రతి కంపెనీ తన తీగె తెచ్చి దానికి తగిలించుకుంటుంది. మా ఇళ్ళకు వచ్చేది మేం పుచ్చుకుంటాం, మీ ఇళ్ళకు వెళ్ళేది మీకిస్తాం అని ఒప్పందం. చాలామంది మధ్య డబ్బు ప్రసక్తే ఉండదు. గదికీ పెట్టెకీ అయ్యే ఖర్చుకి మాత్రం చందా. అచ్చంగా వాయనం ఇచ్చి పుచ్చుకోవడమే!

లండన్‌లో 1994లో ఐదు కంపెనీలు కలిసి ఇలాంటిది మొదలుపెట్టాయి. మన దేశంలో 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా వచ్చింది. అంతకు ముందు ఒక కంపెనీ ఖాతాదారు మరో కంపెనీ ఖాతాదారుకి ఈ దేశంలోనే ఉత్తరం పంపినా, అది సముద్రాలు దాటి విదేశం వెళ్ళి తిరిగొచ్చిన సందర్భాలెన్నో. దారి ఖర్చు మాత్రం మనదే.

కెన్యా వాళ్ళ కథ ఇంకా బాగుంటుంది. నైరోబీలో 2000 చివర్లో చిన్న కంపెనీలు కలిసి ఎక్స్ఛేంజీ పెట్టుకుంటే, గుత్త హక్కులున్న టెలిఫోను సంస్థ ఫిర్యాదు చేసింది. కొద్ది రోజులకే మూయించారు. పట్టువదలక 2002లో మళ్ళీ తెరిచారు. 2012లో లెక్క తీస్తే, 200 నుంచి 600 మిల్లీసెకన్లు పట్టే ప్రయాణం 2 నుంచి 10కి తగ్గిందని తేలింది. తమ ఊళ్ళో తాము మాట్లాడుకోవడానికి ఆ మనుషులు అంత పోరాడవలసివచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్స్ఛేంజీ బాగా నడిస్తే పేరొస్తుంది. పేరు వినగానే దూరపు ఊళ్ళవాళ్ళూ వస్తామంటారు. వాళ్ళు ఆ ఊరు రానక్కర్లేదు, సామాను తెచ్చి పెట్టనక్కర్లేదు. మధ్యవర్తి ఒకడు తన తీగె మీద వాళ్ళను మోసుకొచ్చి పెట్టెకు తగిలిస్తాడు. దూరపు కనెక్షన్ అంటే ఇదే, అంటే గంపలో వాయనమన్నమాట. ఎక్స్ఛేంజీకి చందాదారులు పెరుగుతారు, మధ్యవర్తికి కూలి ముడుతుంది, దూరపువాడికి పెద్ద సంతలో చోటు దొరుకుతుంది. అందరికీ లాభమే అయినప్పుడు ఎంత దూరం వరకు ఒప్పుకోవాలన్న ప్రశ్న ఎందుకు?

"అదేగా అక్కా నేననేది!" అన్నాడు మావాడు. "పెద్ద పెద్ద వీడియో కంపెనీల మిషన్లన్నీ హైదరాబాదు, చెన్నై, ముంబైలలోనే ఉంటాయి. మా ఊరికి ఎవడొస్తాడు? దూరం అని నువ్వు తలుపేస్తే ప్రతి చుక్కా పెద్దవాడి దగ్గర కొనుక్కుని చావాలి నేను."

వాడి మాటలో న్యాయం ఉంది. దూరం పేరు చెప్పి తలుపు వేయడం చాలా సులువు. మన పేరంటాల్లోనే బొట్టుకి నోచుకోనివాళ్ళు ఎందరో నాకు తెలుసు. ఆ కోపం మరో వ్యాసానికి దాచుకున్నాను.

కాని తలుపు తీయడంలోనూ ఒక తిరకాసు ఉంది. విజయవాడలో రెండు చిన్న కంపెనీలు ఉన్నాయనుకోండి. రెండూ మధ్యవర్తుల ద్వారా ముంబై ఎక్స్ఛేంజీకి తగిలించుకున్నాయి. ఇక బెంజి సర్కిల్ దగ్గర ఆస్పత్రి నుంచి గవర్నరుపేటలోని డాక్టరుగారింటికి ఎక్స్‌రే వెళ్ళాలంటే, ముంబై వెళ్ళి రావాలి. రోడ్డు లెక్కన చూసినా పోను వెయ్యి, రాను వెయ్యి కిలోమీటర్లు. అద్దపు తీగెలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి అయ్యే ఆలస్యం 10 మిల్లీసెకన్లు. రెప్పపాటులో పదోవంతు కూడా కాదు, పోనీండి. కాని దారిలో ఎక్కడో గునపం దిగి తీగె తెగితే, ఒకే ఊళ్ళో ఉన్న ఇద్దరికీ మాట పడిపోతుంది. 2008 జనవరిలో ఈజిప్టు తీరాన సముద్రంలో కేబుళ్ళు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ కుంటుపడింది, గుర్తుందా? ఆ దూరాన తెగిన తీగెకు ఇక్కడివాళ్ళు ఏం చేయగలరు?

ఇంకో చిత్రం కూడా ఉంది. దారి చూపించే యంత్రాలకు కిలోమీటర్లతో నిమిత్తం లేదు. మధ్యలో ఎన్ని కంపెనీలు తగులుతాయన్నదే వాటి ముఖ్యమైన లెక్క. మోసుకొచ్చిన మధ్యవర్తి ఆ లెక్కలోకి రాడు. అందుకని వెయ్యి కిలోమీటర్ల అవతలివాడూ పక్కింటివాడిలాగే కనిపిస్తాడు. 2014లో కొందరు పరిశోధకులు 22 ఎక్స్ఛేంజీల్లో తట్టి చూశారు. తట్టిన ఎంతసేపటికి జవాబొస్తుందో కొలిచి, దగ్గరివాడెవడో దూరపువాడెవడో పట్టుకున్నారు. నూటికి తొంభైకి పైగా ఎక్స్ఛేంజీల్లో గంపలో వచ్చినవాళ్ళు బయటపడ్డారు. ఒక కంపెనీ జాగ్రత్తకని రెండు తీగెలు కొనుక్కుంటుంది. రెండూ ఒకే మధ్యవర్తి గంపలో ఉన్నాయని తెగినరోజున తెలుస్తుంది. రావడంలో తప్పు లేదు గాని, దూరాన్నుంచి వచ్చానని చెప్పకపోవడం మాత్రం నాకు నచ్చదు. ఎవరు స్వయంగా వచ్చారు, ఎవరు ఎవరి చేత పంపారు అన్నది ఎక్స్ఛేంజీ తన చిట్టాలో అందరికీ కనిపించేలా రాసిపెట్టడానికి ఏం కష్టం?

ఎంత దూరం అన్నదానికి ఇన్ని కిలోమీటర్లని గిరి గీయడం నాకు సరిగా తోచదు. దూరపువాడు ఎవర్ని కలవడానికి వస్తున్నాడన్నది చూడాలంటాను. మా తమ్ముడు హైదరాబాదులోనే దొరికే పెద్ద కంపెనీని కలవడానికి నాలుగు వందల కిలోమీటర్ల నుంచి తీగె లాగితే రమ్మనండి, పీట వేయండి. ఒకే ఊరివాళ్ళు ఇద్దరు ఒకరినొకరు కలుసుకోవడానికి హైదరాబాదు వస్తున్నారంటే మాత్రం ఎక్స్ఛేంజీ వాళ్ళను కూర్చోబెట్టి, మీ ఊళ్ళో మీరొక పెట్టె పెట్టుకోండమ్మా అని చెప్పాలి. ఏ తీగె నుంచి ఏ తీగెకు ఎంత పోతోందో వాళ్ళకు లెక్కలు కనిపిస్తూనే ఉంటాయి. చెబితే చందా తగ్గుతుంది, నిజమే. కోడలు వేరు కాపురం పెడతానంటే పొయ్యీ గిన్నెలూ సర్ది పంపిన అత్తగారిని నేను చూశాను. అరుదే, కాని ఉన్నారు.

2022లో ఉత్తరప్రదేశ్‌లో లక్నో, కాన్పూరు, వారణాసి, గోరఖ్‌పూరు లాంటి ఊళ్ళలో ఎక్స్ఛేంజీలు తెరిచారు. పెట్టె పెట్టగానే పేరంటాళ్ళు వస్తారని కాదు, అక్కడివాళ్ళకి ఒకరి మీద ఒకరికి గురి కుదరాలి.

ఈ మాటే మావాడితో అన్నాను. "హైదరాబాదు తీగె ఎలాగూ ఉండనీ. మీ ఊళ్ళోనూ చుట్టుపక్కలా మీబోటివాళ్ళు నలుగురున్నారుగా, మీ నలుగురూ అక్కడే కలవచ్చుగా?"

"పెట్టె ఎంతక్కా, నలుగురం వేసుకుంటే కొనేస్తాం. ఎవరింట్లో పెట్టాలి? నా దగ్గర పెడితే వాళ్ళకు అనుమానం, వాళ్ళ దగ్గర పెడితే నాకు అనుమానం."

"ఎవరిదీ కాని చోట పెట్టండి."

కళ్యాణమండపం మేడ మీద ఒక గది చూశారట. అద్దెకు నలుగురూ ఒప్పుకున్నారు. ఏ.సి. రాత్రింబవళ్ళు నడవాలి కనుక కరెంటు బిల్లు తలా సమానమా, వాడకాన్నిబట్టా అన్నదగ్గర మాట ఆగింది. ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నారు.