ఆసనమున నున్న దెవరు?

సెలవులకు వచ్చిన మా మేనల్లుడు ముందుగదిలో హోమ్ థియేటరు నమర్చుచుండ, ఒక అపరాహ్ణమెల్ల నేను పడకకుర్చీలో గూర్చుండి వాని హస్తలాఘవమును చూచుచుంటిని. టీవీ క్రింది బల్లపై రిసీవరను నల్లని పెట్టెను నిలిపి, సెట్ టాప్ బాక్సునుండియు బ్లూ రే ప్లేయరునుండియు వచ్చు హెచ్.డి.ఎం.ఐ. కేబుళ్లను దాని వెనుకనున్న ఇన్‌పుట్లలో జొనిపి, అవుట్‌పుట్ నుండి మఱియొక కేబులును టీవీకి గలిపి, ఎదుట మూడును ఇరుప్రక్కల రెండును స్పీకర్లను, ఒక మూల సబ్ వూఫరును ఉంచెను. మంద్రధ్వనికే పరిమితమైన ఆ యాఱవదానిని పూర్ణసంఖ్యగా నెంచక దశాంశముగా జెప్పుటచే నీ యమరికకు 5.1 అని పేరు. తీగలలో ఎఱుపు ఎఱుపునకు, నలుపు నలుపునకు చేరవలెననియు, ఒక్క స్పీకరునకు తారుమారైనను దాని మంద్రధ్వనియు తోడి స్పీకరు మంద్రధ్వనియు ఒండొంటిని మ్రింగివేయుననియు వాడు చెప్పుచుండ, నా బుద్ధి మెల్లగా తీగలను విడిచి తర్కమువైపు మరలినది.

ఇన్ని సాధనములు ఏకకాలమున సంధింపబడి, అన్నియు మేల్కొనియున్నను, రిమోటుతో నెన్నుకొనిన ఒక్కదాని దృశ్యమే తెరకెక్కును, దాని ధ్వనియే స్పీకర్లకు చేరును. న్యాయశాస్త్రము మనస్సను ద్రవ్యమును సాధించినది సరిగా నీ మార్గముననే. కన్ను రూపముతోను, చెవి శబ్దముతోను, చర్మము గాలితోను ఒకే క్షణమున సంబంధించియున్నను, జ్ఞానములు యుగపత్తుగా పుట్టకుండుటయే మనస్సున్నదనుటకు లింగమని గౌతముడు సూత్రించెను. 17వ శతాబ్దమున తర్కసంగ్రహమును రచించిన ఆంధ్రుడు అన్నంభట్టు ఆ మనస్సు పరమాణురూపమనెను; అంతటి సూక్ష్మవస్తువు ఒకేమారు రెండింద్రియములతో కూడజాలదు గదా! అట్లయిన, పెద్ద చక్కిలమును కొఱుకునప్పుడు దాని రూపమును, గంధమును, రుచిని, గట్టితనమును, కరకరధ్వనిని ఒక్కసారిగా నెఱుగుట లేదా యని పూర్వపక్షము. నూఱు తామరరేకులను పేర్చి సూదితో గ్రుచ్చినపుడు అన్నియు నొక్కమారే తెగినట్లు తోచినను క్రమముగానే తెగునట్లు, ఆ జ్ఞానములును అతిశీఘ్రముగా నొకదాని వెనుక నొకటి పుట్టుచున్నవని సమాధానము. ఈ చర్చలోని పిండివంటను శాస్త్రకారులు శష్కులి యందురు. చెవిదొప్పకును కర్ణశష్కులి యనియే పేరుండుట నాకెప్పుడును ముచ్చట గొలుపును.

అట్లు చూచినచో రిసీవరు మా యింటి మనస్సు. అయినను మనస్సు కరణమే కాని కర్త కాదు; తన గర్భమునుండి ప్రవహించు పాటలో ఒక్క స్వరమైనను ఆ పెట్టెకు వినబడదు. మఱి విను వాడెవడు? ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలలో పురుషుని సాధించుచు జెప్పిన మొదటి హేతువు, సంఘాతములన్నియు పరార్థములనుట. పట్టె, కోళ్లు, నవారు కూడి మంచమైనది మంచము పరుండుటకు గాదు, వేఱొకడు పరుండుటకు. ఇట్లే దేహేంద్రియాది సంఘాతమును వేఱొకని కొఱకే యుండవలెనని వాదము.

ఇంతలో మేనల్లుడు, "మామయ్యా, ఒక్క నిమిషం లేవండి, మైకు అక్కడ పెట్టాలి," అనెను. నేను లేచిన కుర్చీలో, నా చెవులుండు నెత్తున, చిన్న మైకు వెలసినది. స్పీకర్లు ఒక్కొక్కటిగా బుసకొట్టగా, ఏది యెంత దూరముననున్నదో రిసీవరు లెక్కించుకొనెను. శబ్దము గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును గనుక మీటరునకు దాదాపు 3 మిల్లీసెకన్లు పట్టును. దవ్వున నున్న స్పీకరు ధ్వనిని ముందుకు తఱుమ వీలులేదు గనుక, దగ్గఱి దానిని అంతమాత్రము నిలిపియుంచి, అన్నిటి ధ్వనులను ఆ కుర్చీ కడ ఏకక్షణమున కలిపెదరు. గదిలోని సమస్తసంఘాతమును తనలో భాగము కాని ఒక ఆసనము కొఱకే! సాంఖ్యుని వాదము మా ముందుగదిలో మూర్తీభవించెనని నేను మురిసితిని.

కాని ఆ మురిపెము క్షణికమైనది. నా స్థానమున గూర్చున్నది మైకు. యంత్రము దానితోనే తృప్తిపడినది. సంఘాతము పరార్థమైనను ఆ పరుడు మఱియొక సంఘాతమే కారాదా యని బౌద్ధతార్కికులు వేసిన యాక్షేపమునకు ఇంతకంటె తేటయైన దృష్టాంతము దొరకదు. మంచము దేహము కొఱకు. దేహమో, మఱియొక మంచము. యంత్రమునకు కావలసినది ఒక బిందువు మాత్రమే, పురుషుడు గాడు.

నేను తిరిగి కూర్చుంటిని. సినిమా మొదలయ్యెను. నాయకుని పెదవులు కదలుటకు ముందే మాట వినబడుచున్నది. చిత్రమునకు మెఱుగు పెట్టుటకు టీవీ కొంత వ్యవధి తీసికొనగా, ధ్వని నిరీక్షింపక వచ్చివేసినది. తామే తెలిసికొని సరిచేసికొను ఏర్పాటు ఆ పరికరములలో నున్నను మా యింట నది చాలలేదు. అప్పుడు నాకు స్ఫురించినది: ఈ దోషము ఎక్కడ నున్నది? తెర తన చిత్రమును నిర్దుష్టముగా చూపుచున్నది. స్పీకరు తన ధ్వనిని నిర్దుష్టముగా పలుకుచున్నది. చూడబడిన పెదవియు వినబడిన మాటయు ఒక్క మనిషివే యని యెఱిగినవానికి దక్క, మఱి యెవ్వరికిని అక్కడ దోషమే లేదు. చూచినదానినే తాకితినని యెఱుగుటచే ఆత్మ ఇంద్రియములకంటె భిన్నమని నైయాయికులు వాదించిరి. కలయికలో కంటె కలయిక చెడినపుడే ఆ యెఱిగువాడు స్పష్టముగా బయటపడునని నాకు తోచినది. అమరికను మైకు కొలువగలదు. పొసగమి మాత్రము ఎవనికో బాధ కావలెను.

మేనల్లుడు రిసీవరు ముందు మోకాళ్లపై గూర్చుండి, ధ్వనిని కొంచెము కొంచెముగా ఆలస్యము చేయుచు, వెనుదిరిగి చూచెను.

"ఇప్పుడు సరిపోయిందా, మామయ్యా?"

మైకు అప్పటికే డబ్బాలో పడుకొనియున్నది.