పండు బొమ్మ వెనుక

మొన్న వేసవిలో మన పిక్నిక్‌లో జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాను. ఆరేళ్ళ పాప ఒకతె ఐసుపెట్టెలోంచి డబ్బా తీసుకొచ్చి, "డాక్టరంకుల్, ఈ మ్యాంగో జ్యూసు మూత తీసిపెట్టరూ?" అంది. డబ్బా మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్న మామిడిపండు. లోపల ఉన్నది బీరు. తెచ్చినవాణ్ణి నేనే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని ఇంటికి వెళ్ళాక ఆ నవ్వు నాకు రుచించలేదు.

బీరులో పండు వేయడం తప్పు కాదు. బ్రస్సెల్స్ పరిసరాల్లో పుల్లచెర్రీలు నానవేసి క్రీక్ అనే బీరు చాలాకాలంగా చేస్తున్నారు. పండులోని చక్కెరను ఈస్టు తినేస్తుంది కనుక అది సహజంగా పుల్లగానే ఉంటుంది. పేర్లతో ఆడుకోవడమూ తప్పు కాదు. 2000లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఒక చిన్న బ్రూవరీ, 1933లో మద్యనిషేధాన్ని ఎత్తివేసిన రాజ్యాంగ సవరణ పేరునే తన పేరుగా పెట్టుకుని, పుచ్చకాయ బీరుకు 'హెల్ ఆర్ హై వాటర్‌మెలన్' అని పేరు పెట్టింది. ఏమొచ్చిపడినా సరే అనే ఇంగ్లీషు నుడికారం మీద అది చమత్కారం. రామాయణ భారతాలను ఒకే పద్యాల్లో పలికించిన పింగళి సూరనను మెచ్చుకునే మనం దీన్ని ఎలా తప్పుపడతాం?

అయితే శ్లేష రెండర్థాలూ తెలిసినవారికే ఆనందం. ఒక్క అర్థమే తెలిసినవారి ముందు ఆడితే అది వంచన అవుతుంది. ఆ పాపకు తెలిసినది మామిడిపండు ఒక్కటే.

చట్టం ఇక్కడ ఎక్కువ సాయం చేయదు. ఒక బీరు సీసా మీది అసభ్యమైన కప్ప బొమ్మను పిల్లల క్షేమం పేరిట న్యూయార్క్ రాష్ట్రం నిషేధిస్తే, 1998లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెల్లదంది. కామిక్ పుస్తకాల్లో పిల్లలు ఇలాంటివి ఎన్నో చూస్తుండగా ఈ ఒక్కటీ తీసేస్తే ఒరిగేదేమిటన్నది దాని వాదం. అది న్యాయమే కావచ్చు. కాని పండు బొమ్మ ఉన్నా లేకపోయినా, అయిదు శాతం బీరు పన్నెండు ఔన్సుల్లో 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. చిన్నపిల్లల్లో అది రక్తంలోని చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు.

అందమైన పేర్లు మనకూ తెలుసు. 1980లలో మన రాష్ట్రంలో సారాను పాకెట్లలో పోసి పల్లెలకు పంపిన సర్కారు పథకం పేరు వారుణి వాహిని. ఎంత కావ్యమైన పేరు! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు పేరు సంగతి వదిలేసి, తమ ఇళ్ళలో ఖాళీగా ఉన్న గిన్నెలను చూశారు. మరుసటి ఏడే రాష్ట్రంలో సారా అమ్మకం ఆగింది.

నేను మద్యం మానేశానని చెప్పను, ఎవరినీ మానమనీ చెప్పను. బొమ్మ గీసినవాడిని నిందించడం తేలిక. కాని ఆ డబ్బాలను పిల్లల సోడాల పక్కన పెట్టింది కంపెనీవాడు కాదు, నేను. వచ్చే పిక్నిక్‌కు రెండు ఐసుపెట్టెలు తెస్తాను. రెండోదాని మూత మీద ఏ శ్లేషా లేకుండా పెద్ద అక్షరాలతో 'బీరు' అని రాసి ఉంటుంది.