సాయం వద్దనడం తప్పా?

"మేడం, సాయం చేస్తానన్నవాళ్లని వద్దనడం తప్పా?"

మొన్న కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదివే ఒకమ్మాయి నన్నడిగిన ప్రశ్న ఇది. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, ఉద్యోగం కోసం ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను నేను. ప్రోగ్రామింగ్ నాకు రాదు. అందుకేనేమో, ల్యాబ్‌లో చెప్పుకోలేని సంగతులు పిల్లలు నా దగ్గర చెప్పుకుంటారు.

జరిగింది ఇదీ. ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు కలిసి చేయాల్సిన ప్రాజెక్టు. హాస్టల్లో గదులు కేటాయించే ప్రోగ్రాం. డేటాబేస్ భాగం తను రాస్తానని ఈమె పట్టుబట్టి తీసుకుంది. రాసింది. ఇద్దరు ఒకే క్షణంలో అడిగితే మాత్రం ఒకే మంచం ఇద్దరికీ ఇచ్చేస్తోంది. తప్పెక్కడుందో వెతుకుతుండగానే ఆరున్నరయింది. అమ్మాయిల హాస్టల్ గేటు వేసే వేళ. మర్నాడు వచ్చేసరికి జట్టులోని అబ్బాయి రాత్రంతా కూర్చుని ఆ భాగం మొత్తం తిరగరాసేశాడు. "నువ్వు తంటాలు పడుతుంటే చూడలేకపోయాను. రిపోర్టు నువ్వు రాసెయ్, నీ ఇంగ్లీషు బాగుంటుంది" అన్నాడట.

అతను చెడ్డవాడు కాదు. అందరికీ మంచి మార్కులే వచ్చాయి. "మరి నాకెందుకింత ఏడుపొచ్చింది మేడం?" అంది.

ఆ అమ్మాయి పోగొట్టుకున్నది మార్కులు కాదు, తన తప్పుని. తప్పు చేయడానికీ, దాన్ని పట్టుకోవడానికీ మధ్య గడిపే కాలమే ఆ చదువంతా. ఆ కాలాన్ని ఎవరైనా ప్రేమగా లాక్కున్నా లాక్కున్నట్టే.

వంటింట్లో మనమూ ఇదే చేస్తాం కదా అనిపించింది. మొగుడు పోసిన దోసె చిరిగిందని అట్లకాడ లాక్కుంటాం. కానీ ఒక తేడా ఉంది. వంట రాకపోతే అతనికి చాకిరీ తప్పుతుంది. ప్రోగ్రాం రాయడం రాకపోతే ఈమెకి ఉద్యోగం తప్పుతుంది. అందుకే సాయాన్ని చేసినవాళ్ల మనసుని బట్టి కాక, అది అయ్యాక ఎవరి చేతిలో ఏ పని మిగిలిందో దాన్ని బట్టి తూచాలి.

ఇది ఈనాటిది కూడా కాదు. 1946 ఫిబ్రవరిలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ని లోకానికి చూపించారు. తీగలు కలిపి, స్విచ్చులు అమర్చి దానికి పని నేర్పింది ఆరుగురు స్త్రీలు. అంతకుముందు వాళ్లు ఫిరంగి గుండ్ల దారిని చేత్తో లెక్కగట్టేవారు. ఆ ఉద్యోగం పేరే 'కంప్యూటర్'. ప్రదర్శనలో చూపిన లెక్కని సిద్ధం చేసిన బెట్టీ స్నైడర్, జీన్ జెన్నింగ్స్‌లను ఆ రాత్రి విందుకి పిలవలేదు. యంత్రం తయారుచేయడం విజ్ఞానం, దానికి పని చెప్పడం గుమాస్తా పని అని అప్పటి లెక్క. తర్వాత ప్రోగ్రామింగ్‌కి గౌరవమూ, జీతమూ పెరిగాయి. అప్పుడది మగవాళ్ల తెలివైపోయింది. పని మారలేదు, పేరు మారింది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ రిపోర్టు దిద్దింది నేనే. "ఎంత చక్కగా రాశావమ్మా" అని క్లాసులో అందరి ముందూ మెచ్చుకున్నదీ నేనే. ఏటా రిపోర్టులు పట్టుకుని నా గదికొచ్చేది ఎక్కువగా అమ్మాయిలే ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

"వద్దనడం తప్పు కాదు. అడగని సాయాన్ని వద్దనే హక్కు నీకుంది" అన్నాను. అంటూనే నా జవాబు చాలదని తెలిసింది. ఆమె వద్దన్నా రాత్రి అతనికే ఉంటుంది. గేటు వేసేదీ సాయం పేరుతోనే, మన క్షేమం కోసమే! అమ్మాయిలకి ల్యాబ్ ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచాలని, హాస్టల్ దాకా కాలేజీయే దిగబెట్టాలని ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశాను. ముగ్గురు టీచర్లం సంతకాలు పెట్టాం. ఇంకా జవాబు రాలేదు.

వారం తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. మార్కులు ఎప్పుడో వేసేశారు. అయినా తన పాత ప్రోగ్రాంనే సెలవురోజున ముందేసుకుని కూర్చుందట. "ఒకరికి మంచం ఇస్తున్నంతసేపూ రెండోవాళ్లని ఆగమనాలి మేడం. అదొక్కటే నేను రాయలేదు" అంది.

నాకు సగమే అర్థమైంది. కానీ ఆ 'నేను' మాత్రం స్పష్టంగా వినిపించింది.